ఒక్కటే గుమ్మం ఉన్న కొండ: నందాదేవి

(విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

నందాదేవిని కళ్ళారా చూసినవాళ్ళు ఈ హాలులో ఎంతమంది ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు... నలుగురు. ఎక్కడి నుంచి చూశారమ్మా? ఔలీ నుంచా? సరే. మిగతా ముగ్గురూ అక్కడి నుంచో కౌసానీ నుంచో చూసి ఉంటారు. అంటే దూరం నుంచి చూశారు. నేనూ అంతే. మోకాళ్ళు బాగున్న రోజుల్లో ఆ కొండ దారిలోని లాతా ఖరక్ దాకా వెళ్ళి, అక్కడ ఆయాసపడుతూ కూలబడినవాణ్ణి. కాబట్టి ఈరోజు మీరు వినబోయేది కొండెక్కినవాడి మాటలు కావు. గుమ్మం బయట కూర్చుని లోపలికి తొంగిచూసినవాడి మాటలు.

గుమ్మం అనే మాట కావాలనే అంటున్నాను. మామూలుగా కొండల చరిత్ర అంటే ఏమిటి? ఎవరు ముందు ఎక్కారు, ఎవరు జారిపడ్డారు, ఎవరు జెండా పాతారు. నందాదేవి దగ్గర అసలు చిక్కు అది కాదు. ఎక్కడం తర్వాత సంగతి, ముందు కొండ పాదం దగ్గరికి వెళ్ళడం ఎలా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికే యాభై ఏళ్ళు పట్టింది. యాభై ఏళ్ళండి!

ముందు కొండ స్వరూపం చెబుతాను. ఉత్తరాఖండ్‌లో ఉంది. ఎత్తు 7816 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు 1700 మీటర్లు దాటవు. అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఇంకా కిలోమీటరు తక్కువే. కంచన్‌జంగ ఇంతకంటే ఎత్తు కదా అంటారు. నిజమే, కానీ అది నేపాల్‌తో పంచుకున్న కొండ, సరిహద్దు మీద ఉంది. పక్కదేశంతో వాటా లేకుండా మన దేశం లోపల నిలబడ్డ శిఖరాల్లో నందాదేవిదే పెద్దరికం. దీనికి ఒక చెల్లెలు ఉంది. తూర్పు నందాదేవి, 7434 మీటర్లు. అక్కడివాళ్ళు సునందాదేవి అంటారు. రెండింటి మధ్య కత్తి అంచులాంటి గట్టు.

ఇప్పుడు గోల్కొండ కోట గుర్తు తెచ్చుకోండి. చుట్టూ గోడ, మధ్యలో గుట్ట, గుట్ట మీద బాలాహిసార్. నందాదేవిది సరిగ్గా అదే ఏర్పాటు. కాకపోతే ఆ గోడ చుట్టుకొలత 110 కిలోమీటర్లకు పైనే. గోడ మీద బురుజుల్లాగా 6400 మీటర్లు దాటిన శిఖరాలు డజను దాకా ఉన్నాయి. త్రిశూల్ ఒకటి, దూనాగిరి ఒకటి, ఛంగాబాంగ్ ఒకటి. ఆ గోడ ఎక్కడా 5200 మీటర్ల కంటే కిందికి దిగదు. ఒక్కచోట తప్ప. పడమటి వైపు ఋషిగంగ ఆ గోడను నిలువునా కోసుకుని బయటికి వస్తుంది. అది ఫతే దర్వాజా అనుకోండి. కానీ ఎలాంటి దర్వాజా? ఇరుపక్కలా నిట్టనిలువు రాయి, అడుగున నురగలు కక్కే నీరు. నది బయటికి రాగలదు, మనిషి లోపలికి పోలేడు.

పోలేడు అన్నాను కదా, అక్కడొక దిద్దుబాటు. గొర్రెలు పోయేవి. ఋషిగంగ పక్కనే ఉన్న ధౌలిగంగ లోయలో లాతా అనే ఊరు ఉంది. ఆ ఊరి కాపరులు వేసవి రాగానే మేకల్ని, గొర్రెల్ని తోలుకుని ధరాన్సీ కనుమ దాటి డిబ్రుఘేటా అనే పచ్చిక దాకా వెళ్ళేవారు. అన్నీ నిలువు రాళ్ళే ఉన్నచోట ఎవరో చాప పరిచినట్టు ఉంటుందట ఆ మైదానం. అంటే దారిలో సగం వాళ్ళకు తరతరాలుగా తెలుసు. తర్వాత వచ్చిన ప్రతి తెల్లదొరా ఆ మేకల బాటే పట్టుకుని వెళ్ళాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1883లో గ్రాహం అనే ఆంగ్లేయుడు ఇద్దరు స్విట్జర్లాండ్ వాళ్ళను వెంటబెట్టుకుని ఋషిగంగ వెంట వెళ్ళబోయాడు. కుదరలేదు. ప్రవరుడి కథ మనందరికీ తెలుసు. పాదలేపం రాసుకుని హిమాలయానికి చిటికెలో వెళ్ళాడు, మంచుకు పసరు కరిగిపోయి తిరిగి రావడానికి నానా అవస్థా పడ్డాడు. గ్రాహం గారిది తిరగేసిన కథ. తిరిగి రావడానికి ఏ ఇబ్బందీ లేదు, వెళ్ళడానికే పసరు లేదు.

1905లో లాంగ్‌స్టాఫ్ అనే వైద్యుడు తూర్పు వైపు నుంచి ఆ గోడ మీదికే ఎక్కేశాడు. గోడ మీద నిలబడి లోపలికి చూశాడు, దిగలేక వెనక్కి వచ్చాడు. రెండేళ్ళ తర్వాత, 1907 జూన్ 12న, త్రిశూల్ ఎక్కాడు. 7120 మీటర్లు. అప్పటికి మనిషి ఎక్కినట్టు అందరూ ఒప్పుకున్న శిఖరాల్లో అదే ఎత్తైనది. ఆయన వెంట ఇటలీ అన్నదమ్ములు ఇద్దరు ఉన్నారు, కర్బీర్ అనే గూర్ఖా సైనికుడు ఉన్నాడు. కోట బురుజు ఎక్కారు కానీ కోటలోకి మాత్రం ఆయనా అడుగు పెట్టలేదు. ఆ తర్వాత రట్లెడ్జ్ అనే అధికారి వచ్చాడు. అల్మోరా డిప్యూటీ కమిషనరుగా పనిచేసినవాడు. ఒకసారి కాదు, మూడుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. అధికారం ఉంటే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి అనుకుంటాం కదా!

ఇక 1934. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇదే, కొంచెం నిదానంగా చెబుతాను. ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్. ఇద్దరూ కెన్యాలో తోటలు, పొలాలు చూసుకుంటూ స్నేహితులైనవాళ్ళు. వీళ్ళ పద్ధతి వేరు. ఆ రోజుల్లో హిమాలయ యాత్ర అంటే వందలమంది కూలీలు, డబ్బాల కొద్దీ తిండి, దండయాత్రలాగా ఉండేది. వీళ్ళిద్దరూ మొత్తం అయిదు నెలల యాత్రను మూడు వందల పౌన్ల లోపు ముగించారు. ఎలా? చొక్కాలు తక్కువ, తిండి తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. షెర్పాలు ముగ్గురే. వాళ్ళ పేర్లు చెబుతాను, దయచేసి వినండి. ఆంగ్ థార్కే, పాసాంగ్, కుసాంగ్. మళ్ళీ చెబుతున్నాను. ఆంగ్ థార్కే, పాసాంగ్, కుసాంగ్. ఎందుకు రెండుసార్లు చెప్పానంటే, ఈ కథ ఎక్కడ విన్నా షిప్టన్, టిల్మన్ అనే రెండు పేర్లే వినిపిస్తాయి. గుమ్మం దాటింది అయిదుగురు.

చివరి ఆరేడు కిలోమీటర్లు ఉన్నాయే, పై లోయ, దానికి వారం పైన పట్టింది. రోజుకు కిలోమీటరు కూడా కాదన్నమాట! గోడకు ఒక చారలాంటి అంచు కనిపిస్తుంది, దాని మీద పాకుతారు, అది ఎక్కడో గాలిలో ఆగిపోతుంది, వెనక్కి వస్తారు, ఇంకో అంచు పట్టుకుంటారు. మూటలు తాళ్ళతో దించుతారు, మళ్ళీ లాగుతారు. ఒక్క అంచు తెగిపోయి ఉంటే దారి అక్కడితో సరి. కానీ ప్రతిసారీ ఒక అంచు ఎక్కడ ఆగిందో అక్కడే ఇంకొకటి అందుకుంది. అలా పోయిపోయి ఒకరోజు ఆ రాతి గొంతులోంచి బయటపడ్డారు. ఎదురుగా ఏముంది? పచ్చిక. పూలు. మనిషిని ఎరగని భరల్ మందలు, అవి కొండగొర్రెల్లాంటివి, నీలి రంగు ఛాయ ఉంటుంది. పైన నందాదేవి, పాదం నుంచి శిఖరం దాకా.

అయినా శిఖరానికి ప్రయత్నించలేదు. లోపలంతా తిరిగి కొలతలు వేసుకుని, వానల తర్వాత మళ్ళీ వచ్చి, దక్షిణం వైపు గోడ మీదుగా సుందర్‌ఢుంగాలోకి దిగి వెళ్ళిపోయారు. ఇంట్లోకి వచ్చి, అంతా చూసి, దేవుడి గది తలుపు ముట్టుకోకుండా వెళ్ళినట్టు.

రెండేళ్ళకు టిల్మన్ మళ్ళీ వచ్చాడు, 1936లో. ఈసారి నలుగురు బ్రిటిష్‌వాళ్ళు, నలుగురు అమెరికన్లు. బయల్దేరినప్పుడు నాయకుడంటూ ఎవరూ లేరు. కొండ మీదికి వెళ్ళాక చీటీలు వేసి టిల్మన్‌ను ఎన్నుకున్నారు! మధ్యలో ఒక ఏటి దగ్గర కూలీల్లో ఎక్కువమంది మేం దాటం అని వెళ్ళిపోయారు. అప్పుడు మూటలు మోసింది ఎవరో తెలుసా? మానావాళ్ళు. బదరీనాథ్ వెళ్ళినవాళ్ళు మానా చూసే ఉంటారు. భీముడు వేశాడనే రాతి వంతెన చూసి, ఆ పక్కన టీ తాగి వచ్చి ఉంటారు. ఆ ఊరివాళ్ళే. ఈసారి వెళితే ఉన్ని టోపీల బేరం ఆడే ముందు ఈ సంగతి తలచుకోండి.

శిఖరానికి ఎవరు వెళ్ళాలి? ఓడెల్, హ్యూస్టన్ అనుకున్నారు. ఓడెల్ ఎవరంటే, 1924లో ఎవరెస్టు మీద మాలొరీని, ఇర్విన్‌ను చివరిసారి చూసిన మనిషి. మబ్బు తెర తొలగినప్పుడు రెండు చుక్కల్లా కనిపించి మాయమైపోయారే, ఆ చూసిన కళ్ళు ఆయనవి. ఇప్పుడు నలభై అయిదేళ్ళవాడు. హ్యూస్టన్ ఏమో పై శిబిరంలో డబ్బా మాంసం తిన్నాడు. అది చెడిపోయి ఉంది. వాంతులు. ఇంత పెద్ద చరిత్ర ఒక మాంసం డబ్బా మీద తిరిగింది చూడండి. ఆయన స్థానంలో టిల్మన్ వెళ్ళాడు. 1936 ఆగస్టు 29న ఓడెల్, టిల్మన్ శిఖరం మీద నిలబడ్డారు. చేసింది ఒక కరచాలనం, అంతే. ఎక్కింది ఎవరో పేర్లు బయటపెట్టకూడదని అంతా కలిసి అనుకున్నారు. ఇద్దరు శిఖరం చేరారని మాత్రమే కబురు పంపారు. ఇప్పుడైతే దిగేలోపే వంద ఫొటోలు వచ్చేసేవి. తర్వాత పద్నాలుగేళ్ళ పాటు, 1950లో ఫ్రెంచివాళ్ళు అన్నపూర్ణ ఎక్కేదాకా, మనిషి ఎక్కిన అత్యున్నత శిఖరం ఇదే.

ఆ యాత్రలో కితార్ అనే షెర్పా జబ్బుచేసి కొండ దగ్గరే చనిపోయాడు. అదే రోజుల్లో పిండర్ నదికి వరద వచ్చి థరాలీలో జనం కొట్టుకుపోయారు. దేవత ఆగ్రహించిందని చుట్టుపక్కల అనుకున్నారు.

మూఢనమ్మకం అని నవ్వకండి. అక్కడివాళ్ళకు ఈ కొండ ఎవరో చెబితే అర్థమవుతుంది. నందాదేవి వాళ్ళ ఆడపడుచు. పుట్టిల్లు కిందనున్న ఊళ్ళు, అత్తవారిల్లు కైలాసం, మొగుడు శివుడు. పన్నెండేళ్ళకోసారి రాజ్‌జాత్ అనే పెద్ద జాతర చేస్తారు. నౌటీ అనే ఊరి నుంచి బయల్దేరి 280 కిలోమీటర్ల దాకా నడిచి, రూప్‌కుండ్ మీదుగా హోంకుండ్ దాకా ఆమెను సాగనంపుతారు. 2014లో జరిగింది. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుంది. దాని వీపు మీద అమ్మాయికి పెట్టే సారె. బట్టలు, గాజులు, తినుబండారాలు. ఆడవాళ్ళు పాటలు పాడుతూ ఏడుస్తారు. మనం ఒడిబియ్యం పోసి పంపేటప్పుడు ఏడవమూ? చివర్లో పొట్టేలును వదిలేసి జనం వెనక్కి తిరుగుతారు, అది ఒక్కటే ముందుకు పోతుంది. మరి అలా సాగనంపిన అమ్మాయి నెత్తి మీద బూట్లతో నిలబడతామంటే పుట్టింటివాళ్ళకు ఎలా ఉంటుంది?

తర్వాతివి కొంచెం త్వరగా చెబుతాను. 1939 జూలై 2న పోలండ్‌వాళ్ళు బుయాక్, క్లార్నర్ తూర్పు నందాదేవి ఎక్కారు. ఆ నెలలోనే వాళ్ళ తోటివాళ్ళు ఇద్దరు తిర్‌సూలీ అనే శిఖరం మీద మంచుచరియ కింద పడి చనిపోయారు. మిగిలిన ఇద్దరిలో బుయాక్ 1945లో ఇంగ్లండులో, క్లార్నర్ 1949లో వార్సాలో కనిపించకుండా పోయారు. శాపం అంటారు కొందరు. నేను యుద్ధం అంటాను. ఆ కాలంలో పోలండ్‌వాళ్ళు మాయం కావడానికి దేవతల అవసరం లేదు.

1951లో ఫ్రెంచివాళ్ళకు ఒక వెర్రి ఆలోచన వచ్చింది. అక్క నుంచి చెల్లెలి దాకా ఆ గట్టు మీదుగా నడవాలని. దుప్లా, వీన్యె అనే ఇద్దరు పెద్ద శిఖరం వైపు వెళ్ళారు, మళ్ళీ కనబడలేదు. వాళ్ళను వెతుకుతూ తోటివాడు దుబోస్ట్, అతనితో ఒక షెర్పా, తూర్పు శిఖరం మీదికి ఎక్కారు. ఆ షెర్పా ఎవరు? టెన్సింగ్! మరో రెండేళ్ళలో ఎవరెస్టు ఎక్కబోయే టెన్సింగ్. నీకు అన్నిటికంటే కష్టమైన కొండ ఏదని అడిగితే ఆయన ఎవరెస్టు అనలేదు, తూర్పు నందాదేవి అన్నాడు. ఆ గట్టు మీద నడక చివరికి 1976లో జపాన్‌వాళ్ళు, హసెగావా, తకామి, పూర్తి చేశారు. 1964లో మనవాళ్ళు నరేంద్ర కుమార్ నాయకత్వంలో పెద్ద శిఖరం చేరారు. నవాంగ్ గోంబు, దావా నోర్బు. గోంబు టెన్సింగ్ మేనల్లుడే.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న కథ. ఇందాక లోపలికి వస్తుంటే ముగ్గురు నన్ను ఆపి అడిగారు, ఆ అణు పెట్టె సంగతి చెబుతారా అని. చెబుతాను.

1964 అక్టోబరులో చైనా తొలి అణుపరీక్ష చేసింది. మనకు 1962 గాయం పచ్చిగానే ఉంది. అమెరికా గూఢచారి సంస్థకు చైనా క్షిపణుల సంకేతాలు వినాలి. ఉపగ్రహాలు ఇంకా ఆ పనికి రావు. ఎత్తైన కొండ మీద ఒక చెవి పెడితే? అలా రెండు దేశాల గూఢచారి సంస్థలు కలిసి నందాదేవిని ఎంచుకున్నాయి. 1965లో ఎవరెస్టు యాత్రను విజయవంతంగా నడిపిన మోహన్‌సింగ్ కోహ్లీని దీనికి నాయకుణ్ణి చేశారు. పరికరానికి కరెంటు ఎక్కడిది? ప్లుటోనియం. ఏడు గొట్టాల్లో ప్లుటోనియం, దాని వేడి నుంచి విద్యుత్తు. మొత్తం బరువు 57 కిలోల దాకా. షెర్పాలకు అదేమిటో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వెచ్చగా ఉంది కాబట్టి చలికి దాని చుట్టూ చేరేవారు. గురు రింపోచే అని తాము కొలిచే బౌద్ధ గురువు పేరు కూడా పెట్టారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

1965 అక్టోబరులో తుపాను పట్టింది. మనుషులా, పెట్టా? కోహ్లీ మనుషుల్ని దించాడు. సరైన పనే చేశాడు. నాలుగో శిబిరం దగ్గర రాతికి పెట్టెను కట్టేసి వచ్చారు. మరుసటి వేసవికి వెళ్ళి చూస్తే పెట్టె లేదు. కట్టిన రాయి కూడా లేదు. మంచు పెళ్ళ ఊడిపడి అంతా తుడిచిపెట్టేసింది. 1968 దాకా వెతికారు, దొరకలేదు. ఈ మధ్యలో 1967లో పక్కనున్న నందాకోట్ మీద ఇంకో పరికరం పెట్టి కొన్నాళ్ళు విన్నారు. దాన్ని మాత్రం వెనక్కి తెచ్చుకున్నారు. దేశంలో ఎవరికీ తెలియదు. 1978లో ఒక అమెరికన్ పత్రిక బయటపెడితే, ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. శాస్త్రవేత్తల సంఘం వేశారు. నీళ్ళలో కాలుష్యం లేదని తేల్చారు. ఆ ప్లుటోనియం సగం తరగడానికి 88 ఏళ్ళు పడుతుంది. మీరే లెక్క వేసుకోండి. ఋషిగంగ నీళ్ళు ధౌలిగంగలో, అవి అలకనందలో, అవి గంగలో కలుస్తాయి. కాశీ వెళ్ళి మునిగి వచ్చినవాళ్ళు ఈ హాలులో ఎంతమంది? చేతులెత్తక్కరలేదు లెండి.

1976లో ఇంకో కథ. అన్‌సోల్డ్ అనే అమెరికన్, యౌవనంలో ఈ శిఖరాన్ని దూరం నుంచి చూసి, కూతురు పుడితే ఆ పేరే పెట్టుకుంటానని అనుకున్నాడు. పెట్టుకున్నాడు. నందాదేవి అన్‌సోల్డ్. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల తన పేరున్న కొండ ఎక్కాలని తండ్రితో వచ్చింది. సెప్టెంబరు 8న పై శిబిరంలో కడుపు జబ్బుతో తండ్రి కళ్ళ ముందే చనిపోయింది. దీని మీద నేను ఇంకేమీ మాట్లాడను.

1974లో విదేశీయులకు అనుమతులు ఇచ్చారు, యాత్రలు పెరిగాయి, చెత్త పెరిగింది, వేట పెరిగింది. 1982లో జాతీయ పార్కు చేసి గుమ్మం మూసేశారు. 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1993లో సైన్యం ఇంజనీర్లు వెళ్ళి పాత యాత్రల చెత్త కొంత ఏరుకొచ్చారు. మూయడం మంచిదే అంటాను నేను. కస్తూరి మృగాలు బతకాలంటే మూయాలి. కానీ ఎవరి మీద మూశారు?

లాతా గురించి మళ్ళీ వస్తానన్నాను కదా. ఋషిగంగ ధౌలిగంగలో కలిసే చోట రైణీ అనే ఊరు ఉంది. కోటకు సరిగ్గా కావలి ఊరు. 1974 మార్చి 26న అక్కడ చెట్లు కొట్టడానికి గుత్తేదారు మనుషులు వచ్చారు. మగవాళ్ళంతా నష్టపరిహారం ఇస్తామంటే చమోలీ వెళ్ళి ఉన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళే మిగిలారు. గౌరాదేవి అనే ఆమె వాళ్ళను కూడగట్టుకుని చెట్లకు అడ్డం నిలబడింది. చిప్కో ఉద్యమం అంటే మనకు గుర్తుకొచ్చేది ఆ ఘటనే. ఆమె పుట్టింది లాతాలో. అడవిని అలా కాపాడినవాళ్ళకు ఎనిమిదేళ్ళ తర్వాత ప్రభుత్వం ఏమంది? అడవిని కాపాడాలి, మీరు లోపలికి రాకండి అంది. మేకలకు మేత పోయింది, మోతపని కూలి పోయింది, మూలికలు పోయాయి. 1998లో లాతావాళ్ళు గుంపుగా నిషిద్ధ ప్రాంతంలోకి నడిచి నిరసన చెప్పారు. ఆ తర్వాత ధరాన్సీ దాకా కొద్దిమంది యాత్రికుల్ని అనుమతిస్తున్నారు. నేను వెళ్ళింది అలాగే.

2021 ఫిబ్రవరి 7న టీవీలో చూసే ఉంటారు. రౌంఠీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి 2.7 కోట్ల ఘనపు మీటర్లు ఊడిపడ్డాయి. ఋషిగంగ మీది జలవిద్యుత్ కేంద్రం ఆనవాలు లేకుండా పోయింది. రెండు వందల మందికి పైగా పోయారు. రైణీలో జనం మొదట అన్న మాట ఏమిటో తెలుసా? ఆ పెట్టె పేలింది అని. కాదని శాస్త్రవేత్తలు తేల్చారు, అది కొండచరియే. కానీ అనుమానం ఎందుకు వచ్చింది? ఒకసారి వాళ్ళకు చెప్పకుండా పెట్టినవాళ్ళ మాట మళ్ళీ ఎందుకు నమ్మాలి? ఆ తర్వాత రైణీ నేల కుంగిపోతుంటే గౌరాదేవి విగ్రహాన్నే అక్కడి నుంచి తీసి జోషీమఠ్‌కు తరలించారు.

నన్ను లాతా ఖరక్ తీసుకెళ్ళినాయన ఆ ఊరి పెద్దమనిషి. నేను రాయి మీద కూలబడి ఆయాసపడుతుంటే ఆయన బీడీ వెలిగించుకుని కబుర్లు చెప్పాడు. వాళ్ళ నాన్న డెబ్బైల్లో మూడు యాత్రలకు లోపలి దాకా బరువులు మోశాడట. ఒక దొర ఇచ్చిన మేజోళ్ళు చాలాకాలం దాచుకున్నారట. ఆ దొరలు తర్వాత పుస్తకాలు రాశారని విన్నాం, వాటిలో మా నాన్న పేరు ఉంటుందా అని అడిగాడు. ఉండే ఉంటుంది, వెతికి చెబుతానన్నాను.

ఇంటికి వచ్చాక దొరికినవన్నీ తిరగేశాను. ఫలానా తేదీన ఇంతమంది కూలీలు, ఇన్ని మూటలు, ఇంత కూలి అని ఉంది. ఆయనకు ఇంకా ఫోను చేయలేదు.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.